భార లోహ కాలుష్య సూచికలుగా పట్టణ అలంకరణ మొక్కలు: పలాస – ఉద్దానం ప్రాంతానికి అన్వయం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి ఏకైక కారణమేదీ నేటికీ నిర్ధారణ కాలేదు. సీసం, కాడ్మియం మూత్రపిండాలకు హాని చేసే లోహాలు కావడంతో నీరు, నేల, గాలిలో వాటి ఉనికిపై ప్రశ్నలు తరచూ తలెత్తుతున్నాయి. వీటిలో గాలి ద్వారా చేరే భాగాన్ని తక్కువ ఖర్చుతో అంచనా వేయడానికి రహదారుల వెంట పెంచే అలంకరణ మొక్కలు ఉపకరిస్తాయి.

కాలుష్య మూలాలు

పలాస–కాశీబుగ్గ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. వాహనాల టైర్ల అరుగుదల వల్ల జింకు, బ్రేకుల అరుగుదల వల్ల రాగి దుమ్ములో కలుస్తాయి. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లో నిలిచిపోయినా, నేలలో సీసం కదలిక అతి తక్కువ కనుక పాత నిల్వలు దుమ్ముతోపాటు తిరిగి లేస్తాయి. జీడిపిక్కల తొక్కను కాల్చగా వచ్చే మసి కూడా ఆకులపై పేరుకొంటుంది. అందులోని లోహాల పరిమాణం విశ్లేషణతోనే తేలాలి.

మొక్కల ఎంపిక

సూచిక మొక్క అన్ని స్థలాల్లోనూ లభించాలి, ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, దుమ్మును పట్టి ఉంచాలి. గన్నేరు ఇందుకు అనువైనది. దాని ఆకు అడుగుభాగంలో పత్రరంధ్రాలు నూగుతో నిండిన గుంటల్లో ఉండటం వల్ల సూక్ష్మ ధూళి అక్కడ నిలుస్తుంది. గన్నేరు విషపూరితం కనుక ఆకులు కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి.

వేర్వేరు జాతుల ఫలితాలను నేరుగా పోల్చరాదు. ఒకే తల్లి మొక్క కొమ్మలను ఒకే మట్టి మిశ్రమం నింపిన కుండీల్లో పెంచి, రహదారి కూడలి, పరిశ్రమల పరిసరాలు, రహదారికి దూరంగా ఉన్న అక్కుపల్లి తీరం వంటి చోట్ల మూడు నెలలు ఉంచితే నేల భేదాల ప్రభావం తొలగుతుంది.

నమూనాల సేకరణ, విశ్లేషణ

వర్షం లేని వారం తరువాత, ఒకే వయస్సు గల ముదురు ఆకులను ఒకే ఎత్తులో నాలుగు దిక్కుల నుంచి సేకరించాలి. సగం ఆకులను స్వేదనజలంతో కడిగి, సగం కడగకుండా ఉంచాలి. ఈ రెండింటి మధ్య తేడా ఆకుపై పడిన ధూళి వాటాను తెలుపుతుంది. ఆకులను 60–70 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి పొడి చేయాలి. ఉక్కు మరల నుంచి క్రోమియం, నికెల్ కలిసే ప్రమాదమున్నందున అగేటు రోలు మేలు. ఆమ్లంతో జీర్ణం చేసిన ద్రావణాన్ని అటామిక్ అబ్సార్ప్షన్ పరికరంతో గాని, ఐసీపీ–ఎంఎస్‌తో గాని పరీక్షిస్తారు. తీరంలో ఆకులపై చేరే ఉప్పులోని క్లోరైడు ఐసీపీ–ఎంఎస్‌లో ఆర్సెనిక్ కొలతకు అడ్డు వస్తుంది కనుక తగిన సవరణ అవసరం.

ఫలితాల వ్యాఖ్యానం

ముదురు ఆకుల పొడి బరువులో సాధారణంగా కిలోకు 27–150 మిల్లీగ్రాముల జింకు, 0.05–0.2 మిల్లీగ్రాముల కాడ్మియం ఉంటాయి. జింకు, రాగి మొక్కకు పోషకాలు కూడా. రాగి సంబంధిత శిలీంద్రనాశినులు, కాడ్మియం గల ఫాస్ఫేటు ఎరువులు వాడిన తోటల సమీపంలోని నమూనాలను ప్రత్యేకంగా గుర్తించాలి.

ఆకుల్లో తేలిన లోహాలు తాగునీటి స్థితిని తెలుపవు. బావుల నీటిని విడిగా పరీక్షించాలి. ఆకుల్లో లోహాలు తక్కువగా ఉన్నంత మాత్రాన నీరు సురక్షితమని గాని, ఎక్కువగా ఉన్నంత మాత్రాన అదే వ్యాధికి కారణమని గాని విస్తరణ సిబ్బంది గ్రామాల్లో చెప్పరాదు. నీరు, నేల నమూనాలు ఎక్కడ ముందుగా తీయాలో నిర్ణయించడానికి ఈ ఫలితాలను వినియోగించాలి.