డాక్టరు 24 రోజులు, షుగర్ 365 రోజులు

2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం పూర్తిస్థాయిలో మొదలైంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు అక్కడే ఉంటే, ఇంకొకరు 104 బండిలో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది అప్పటి ఏర్పాటు. అంటే ఏడాదికి 24 రోజులు.

పెదపారుపూడి వైపు ఓ ఊళ్లో 2,500 మంది ఉన్నారనుకుందాం. అందులో పెద్దవాళ్లు 1,700. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో నూటికి 8.9 మందికి షుగర్ ఉంది. ఆ లెక్కన మన ఊళ్లో 150 మంది. ఒక్కొక్కరూ నెలకోసారి వచ్చినా డాక్టరు ముందు రోజుకు 75 మంది. ఏడు గంటలు కూర్చుంటే మనిషికి ఐదున్నర నిమిషాలు. జ్వరాలు, గర్భిణులు, బీపీలు ఇంకా క్యూలోనే ఉన్నారు!

మందు రాయడానికి ఆ ఐదు నిమిషాలు చాలు. మడిలో చెప్పుల్లేకుండా తిరిగే రైతు అరికాలు చూడటానికి చాలవు. స్పర్శ తగ్గిన కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలీదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఆ కాలు చూడాల్సింది, మాత్రలు మానేసినవాళ్ల గడప తొక్కాల్సింది ఏఎన్‌ఎం, ఆశా, ఊరి క్లినిక్‌లో ఉండే నర్సు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. భారత్, పాకిస్తాన్‌లలో 10 క్లినిక్కుల్లో 1,146 మందిపై జరిగిన కార్స్ ప్రయోగ ఫలితాలు 2016లో వచ్చాయి. రోగుల బాగోగులు కనిపెట్టుకుని ఉండే ఓ సహాయకుణ్ని (డాక్టరు కాదు), డాక్టరుకు సూచనలిచ్చే కంప్యూటరును కొందరికి జోడించారు. వాళ్లలో నూటికి 18 మంది షుగర్‌తో పాటు బీపీనో కొలెస్ట్రాల్‌నో కూడా అదుపులోకి తెచ్చుకున్నారు. మామూలు వైద్యంలో 8 మందే. 18 కూడా గొప్ప సంఖ్యేం కాదు, కానీ రెట్టింపుకు పైన.

ఇండియాబ్ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. షుగర్ ఉందని తెలిసినవాళ్లలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉన్నది 36.3 శాతం. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మూడూ అదుపులో ఉన్నది 7.7 శాతమే. మన 150 మందికీ షుగర్ ఉందని తెలుసనుకున్నా, పన్నెండుగురే!

ఎన్ని మాత్రలు పంచారన్న లెక్క కాదు, ఈ పన్నెండు ఎంతకు పెరిగిందన్నదే క్లినిక్ రిజిస్టర్‌లో ఉండాలి. ఈసారి 104 బండి వచ్చినప్పుడు మీ మూడు అంకెలూ అడిగి రాసుకోండి. చెప్పులు విప్పి కాళ్లు కూడా చూపించండి.