చెవి మిషన్ కొంటున్నారా? ‘కనిపించకూడదు’ అనే ముందు ఇవి చూడండి

ఫోన్ కొనేముందు ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా అన్నీ పోల్చి చూస్తాం. చెవి మిషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి ప్రశ్న ఒక్కటే: "బయటికి కనిపిస్తుందా?" నారాయణగూడలో ఉండే మా తాతయ్యకు 78 ఏళ్లు. ఆయన షరతు కూడా అదే: "కనిపించకుండా ఉంటేనే పెట్టుకుంటా రా." చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు వెళ్లడం ఆయన మానేసి రెండేళ్లయింది. పాట వినపడక కాదు. పక్కసీటు వాళ్లు ఏదైనా అడిగితే అర్థంకాక ఊరికే నవ్వాల్సి వస్తోందని. ఆయన కోసం రకాలన్నీ పోల్చి చూశాక నాకు తేలింది ఇది.

ముందు ఆడియోగ్రామ్, తర్వాతే మోడల్

ఏ ఫ్రీక్వెన్సీలో ఎన్ని డెసిబెల్స్ దగ్గర మీకు వినపడుతుందో చూపే గ్రాఫ్ ఇది. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 20 నుంచి 35 డెసిబెల్స్ లోపు స్వల్పం, 35-50 మధ్యస్థం, 65 దాటితే తీవ్రం. వయసుతో వచ్చే లోపంలో సాధారణంగా హై ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి. అందుకే మాట వినిపిస్తుంది కానీ ‘పాలు’ అన్నారో ‘కాలు’ అన్నారో తెలియదు. తాతయ్య గ్రాఫ్ కూడా ఇలాగే ఎడమవైపు బాగుండి, కుడివైపు కిందికి జారింది.

కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటులో అయితే ఆడియాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఒక చెవే ఉన్నట్టుండి వినపడకపోతే మిషన్ సంగతి తర్వాత, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఏ స్టైల్ ఎవరికి?

సీఐసీ: చెవి రంధ్రం లోపల దాక్కుంటుంది. చూడ్డానికి ఇదే బెస్ట్. కానీ బ్యాటరీ సాధారణంగా సైజ్ 10, అంటే పసుపు స్టిక్కర్‌ది. సుమారు వారంలోపే అయిపోతుంది. వేళ్లు వణికేవాళ్లకు దాన్ని మార్చడమే పెద్ద పని. చోటు లేక చాలా మోడళ్లలో ఒకటే మైక్ ఉంటుంది, బ్లూటూత్ ఉండదు. చెవి మూసుకుపోవడంతో సొంత గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. గులిమి, చెమట తగిలి త్వరగా రిపేర్‌కి వస్తుంది.

ఆర్‌ఐసీ: మైక్, చిప్ చెవి వెనక ఉంటాయి. సన్నటి వైరు చివరన స్పీకర్ చెవిలో ఉంటుంది. మెత్తటి డోమ్‌లో రంధ్రాలుంటాయి కాబట్టి లో ఫ్రీక్వెన్సీ శబ్దాలు సహజంగానే లోపలికి వెళ్తాయి, మిషన్ పై ఫ్రీక్వెన్సీలనే పెంచుతుంది. రెండు మైక్‌లు ఉంటే ఎదుటివాళ్ల మాటను చుట్టూ ఉన్న రొద నుంచి కొంత విడదీయగలదు. రీఛార్జబుల్ మోడళ్లు ఎక్కువ.

బీటీఈ: సైజు పెద్దది, పవర్ ఎక్కువ. తీవ్రమైన లోపం ఉన్నవాళ్లకు, పిల్లలకు ఇదే సరైనది. పిల్లల చెవి పెరిగినప్పుడు అచ్చు మారిస్తే చాలు, మిషన్ మార్చక్కర్లేదు.

ధర విషయానికొస్తే, స్టైల్ కంటే లోపలి చిప్, ఫీచర్లను బట్టే ఎక్కువగా మారుతుంది.

మీ ఫోన్‌తో కలుస్తుందా?

ఐఫోన్‌కి ‘మేడ్ ఫర్ ఐఫోన్’ గుర్తు చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ‘ఆషా’ అనే స్ట్రీమింగ్ పద్ధతి ఉన్నా అన్ని ఫోన్లలో పనిచేయదు. కొత్త మోడళ్లలో బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియో వస్తోంది. కంపెనీ సైట్లోని కంపాటిబిలిటీ లిస్ట్‌లో మీ ఫోన్ మోడల్ ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

ఎయిర్‌పాడ్స్ సరిపోతాయా? ఎయిర్‌పాడ్స్ ప్రో 2లో హియరింగ్ ఎయిడ్ ఫీచర్‌కు 2024 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే అది 18 ఏళ్లు దాటి, స్వల్పం నుంచి మధ్యస్థ లోపం ఉన్నవాళ్లకే. ఛార్జ్ దాదాపు 6 గంటలే కాబట్టి రోజంతా పెట్టుకోలేరు. ఇక ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ‘సౌండ్ యాంప్లిఫయర్లు’ మాటనీ హారన్‌నీ ఒకేలా పెంచుతాయి. వాటి జోలికి వెళ్లకండి.

ట్రయల్ రోడ్డు మీదే

ఏసీ గదిలో ఏ మిషనైనా బాగానే వినిపిస్తుంది. మేం డెమో ఆర్‌ఐసీ పెట్టుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఓ హోటల్లో టీ తాగాం. గిన్నెల చప్పుడు మొదట ఆయన్ని చిరాకుపెట్టింది. కానీ సర్వర్ అడిగినదానికి నా వైపు చూడకుండా ఆయనే జవాబిచ్చారు. అద్దంలో చూసుకుని "కళ్లజోడు కాడ పక్కన పెద్దగా తెలీట్లేదులే" అన్నారు. షరతు అక్కడితో పోయింది.

సంగీతం వినేవాళ్లయితే మ్యూజిక్ ప్రోగ్రామ్ విడిగా సెట్ చేయించండి. మామూలు మోడ్‌లో సాగదీసిన వేణువు స్వరాన్ని మిషన్ ‘విజిల్’ అనుకుని అణిచేసే అవకాశం ఉంది.

ఫైనల్‌గా

హై ఫ్రీక్వెన్సీ లోపం ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి నా ఓటు రీఛార్జబుల్ ఆర్‌ఐసీకే. తీవ్రమైన లోపమైతే బీటీఈ. వేళ్లు చురుగ్గా ఉండి, లోపం తక్కువైతేనే సీఐసీ. కొన్న తర్వాత కనీసం రెండుమూడు సార్లు ట్యూనింగ్‌కి వెళ్లాలి, మెదడు కొత్త శబ్దాలకు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టండి. రీఛార్జబుల్ అయితే ఛార్జర్‌లో. ఎవరికీ కనిపించని మిషన్ బీరువా సొరుగులో ఉన్నా ఒకటే. రోజూ చెవికి ఉండేదే మంచి మిషన్.