వివాహ రద్దు: హిందూ వివాహ చట్టం పేర్కొన్న కారణాలు

ఉపోద్ఘాతం:
వాడుకలో విడాకులను, వివాహ రద్దును ఒకే అర్థంలో ప్రయోగించడం కనిపిస్తుంది. చట్టరీత్యా ఇవి భిన్నమైనవి. విడాకులు చెల్లుబాటైన వివాహానికి ముగింపు పలుకుతాయి. రద్దు ఆ చెల్లుబాటునే తోసిపుచ్చుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇటువంటి వివాహాలను రెండు రకాలుగా విభజించింది.

చెల్లని వివాహాలు (సెక్షన్ 11):
భార్య లేదా భర్త జీవించి ఉండగా, ఆ వివాహబంధం తొలగకుండానే చేసుకున్న మరో వివాహం, నిషిద్ధ బంధువుల మధ్య లేదా సపిండుల మధ్య జరిగిన వివాహం మొదటి నుంచీ చెల్లవు. కోర్టు ఆ స్థితిని ప్రకటిస్తుంది, అంతే. అయితే చివరి రెండింటికీ ఆచారం మినహాయింపునిస్తుంది. మేనమామ, మేనకోడలు నిషిద్ధ బంధుత్వ పరిధిలోని వారే. తెలుగునాట ఈ సంబంధాలు చెల్లడానికి ఆధారం ఈ మినహాయింపే. ఆ ఆచారం చిరకాలంగా, ఎడతెగక, ఏకరీతిగా కొనసాగుతున్నదై, ఇరుపక్షాలకూ వర్తించాలి.

రద్దు చేయదగిన వివాహాలు (సెక్షన్ 12):
ఇవి కోర్టు రద్దు చేసేంతవరకు చెల్లుతాయి. కారణాలు నాలుగు: ప్రతివాది నపుంసకత్వం వల్ల దాంపత్యం సిద్ధించకపోవడం, వివాహ సమయంలో చట్టం పేర్కొన్న మానసిక అనర్హత, బలవంతంతో లేదా మోసంతో సమ్మతి పొందడం, వధువు అప్పటికే పరపురుషుని వల్ల గర్భవతి కావడం. ప్రతివాదికి సంబంధించిన ముఖ్యవిషయాలను దాచడాన్ని 1976 సవరణ మోసం పరిధిలోకి తెచ్చింది. బలవంతం తొలగిన లేదా మోసం బయటపడిన ఏడాదిలోగా పిటిషన్ వేయాలి. ఆ తర్వాత ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఈ హక్కు ఉండదు.

వయోపరిమితి ఉల్లంఘన ఈ రెండు సెక్షన్లలోనూ లేదు. బాల్యవివాహం జరిగిన వారు మేజరైన రెండేళ్లలోగా రద్దు కోరవచ్చునని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం చెబుతుంది.

పర్యవసానాలు:
సెక్షన్ 16 ప్రకారం ఈ వివాహాల వల్ల పుట్టిన పిల్లలు చట్టబద్ధ సంతానమే. ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు దక్కే వాటాలోనూ వారికి హక్కు ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లని వివాహంలోనూ సెక్షన్ 25 కింద శాశ్వత భరణం మంజూరు చేయవచ్చునని, అది కోర్టు విచక్షణకు లోబడి ఉంటుందని 2025లో తీర్పునిచ్చింది.

ముగింపు:
మొదటి పెళ్లి సంగతి తెలియక మోసపోయిన స్త్రీకి ఈ తీర్పు కీలకం. వివాహం చెల్లకపోయినా, దానివల్ల ఏర్పడిన బాధ్యతలన్నీ రద్దు కావన్నదే ఈ నిబంధనల సారాంశం.