బూజుగడ్డి ధూళి – రైతు ఊపిరి

ధూళి లేని సేద్యము లేదు. నూర్పిళ్లయందు లేచు ధూళిని రైతు సోదరులు లెక్కసేయరు. కాని ధూళులన్నియు నొక్కటి కావు. తడిసి, వేడెక్కి, బూజుపట్టిన గడ్డినుండి లేచు ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరమైనది. దానివలన గలుగు వ్యాధిని ఆంగ్లమున 'ఫార్మర్స్ లంగ్' అందురు. 1932లో ఇంగ్లండునందలి వెస్టుమోర్లండు ప్రాంతపు రైతులలో క్యాంబెల్ అను వైద్యుడు దీనిని వర్ణించెను.

పచ్చిగడ్డిని వామువేసినచో లోపల వేడి పుట్టును. ఆ వేడి 50, 60 డిగ్రీలకు పెరిగినపుడు, ఉష్ణమును కోరు సూక్ష్మజీవులు విస్తారముగా వృద్ధినొందును. గడ్డి లాగునపుడు వాని కణములు ఊపిరితో లోనికిపోయి వాయుకోశములను జేరును. శరీరము వానిని సహింపక వాపు పుట్టించును. ఇది అంటువ్యాధి కాదు.

ఉదయము గడ్డి లాగినవానికి 4 మొదలు 8 గంటలలోపల చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము కలుగును. ఒకటి రెండు దినములలో తగ్గును. మలేరియా యనుకొని రైతు మరచును; మరల ఆ వామునే విప్పును. అపాయమంతయు నిచటనే యున్నది.

కమ్మరి కొలిమితిత్తిని దలచుకొనుడు. తోలు బిగిసినచో తిత్తి నిండదు. గొట్టము పూడినచో గాలి వెడలదు. ఈ వ్యాధి ముదిరినపుడు వాయుకోశముల గోడలు మచ్చగట్టి తోలువలె బిగియును; సన్నని శ్వాసనాళములు వాచి గొట్టమువలె ఇరుకగును. కొందరిలో రెండును గూడియుండును. ఫిన్లండు దేశపు పరిశీలనలలో, ఎన్నడును పొగత్రాగని రైతులకును వాయుకోశములు చెడి గాలి వెడలుట కష్టమైనట్లు తేలినది.

స్పైరోమెట్రీ పరీక్షయందు రోగి నిండుగా ఊపిరి పీల్చి బలముగా ఊదవలయును. వెడలిన మొత్తము గాలిలో మొదటి సెకనునందు 70 వంతులకు తక్కువ వెడలినచో నాళములందు అడ్డున్నదని సాధారణముగా గ్రహింతురు. తిత్తి బిగిసినంతమాత్రమున మొత్తము తగ్గును గాని ఈ పాలు తగ్గదు. కావున అడ్డు మాత్రమే చూచినచో వ్యాధిని ఉబ్బసమని పొరబడుట కలదు. ఉబ్బసపు మందు పీల్చుచు బూజుగడ్డిని విడువనివాని ఊపిరి నానాటికి క్షీణించును. గట్టిపడిన మచ్చ మరల మానదు. తాను చేయు పనిని రోగి వైద్యునకు తప్పక తెలుపవలయును. అవసరమైనచో సీటీ స్కాను తీయుదురు.

ఇది శీతదేశముల జబ్బని ఉపేక్షింపరాదు. 2017లో ప్రకటితమైన భారతదేశపు పరిశీలనయందు, ఊపిరితిత్తుల గోడలు చెడిన 1084 మందిలో దాదాపు సగముమందికి, పీల్చిన పదార్థము సరిపడకపోవుటయే కారణమని తేలినది. వారిలో అనేకులు ఎయిర్ కూలర్ల గాలి పీల్చినవారు. పావురముల రెట్ట, ఈకల ధూళియు ఇట్టి హానినే చేయును.

నివారణ సులభము. గడ్డిని బాగుగా ఎండబెట్టి వామువేయుడు. వామునకు క్రింద ఎత్తైన అరుగును, పైన నీరు దిగని కప్పును ఉండవలయును. బూజుపట్టిన గడ్డిని మూసిన కొట్టములో దులుపక, నీరు చిలుకరించి, గాలికి ఎదురుగా నిలువక, ఆరుబయట తీయుడు. దానిని పశువులకు వేయక ఎరువుగుంటలో వేయుడు. తుండుగుడ్డ ఈ సూక్ష్మ ధూళిని ఆపజాలదు. ఎన్-95 మాస్కు ముఖమునకు బిగువుగా ధరించుడు. ఒకమారు ఈ జబ్బు సోకినవాడు ఆ పనిని మానుటయే మేలు.

వాము చెడిన ఒక యేటి మేత పోవును. ఊపిరి చెడిన సేద్యమే పోవును.