చిలుకకు మాటల అర్థము తెలియునా?

పాఠము అర్థము చేసికొనక వల్లెవేయు విద్యార్థిని చూచి "చిలుక పలుకులు పలుకుచున్నాడు" అందురు. చిలుక విన్నదానిని తిరిగి పలుకునేగాని మాటకు అర్థమున్నదని ఎరుగదను నమ్మకమే ఈ నానుడికి మూలము. చిలుకకు మనవలె స్వరతంత్రులు లేవు. శ్వాసనాళము అడుగున, అది రెండుగా చీలుచోట నున్న శబ్దిని అను అవయవము ధ్వనిని పుట్టించును. నాలుక కదలికలు దానిని మార్చును. పలుకగల విధము ఇది. పలికినది తెలిసి పలుకుచున్నదా యనునది వేరు ప్రశ్న.

ఇట్టి ప్రశ్నలలో ఎంత జాగ్రత్త కావలెనో ఒక గుర్రము వలన తెలిసినది. 20వ శతాబ్ది ఆరంభమున జర్మనీలో ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుని గుర్రము హన్స్, లెక్క అడిగినచో గిట్టతో నేలను తట్టి సమాధానము చెప్పుచుండెను. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ దానిని పరీక్షించి 1907లో అసలు సంగతి వెల్లడించెను. అడిగినవానికి సమాధానము తెలియనప్పుడు గుర్రమునకును తెలియదు! సరియైన సంఖ్య రాగానే మనిషి తల తనకు తెలియకయే కొంచెము కదలును. అది చూచి గుర్రము ఆగుచుండెను. ఇందులో ఎవరి మోసమును లేదు.

అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో చికాగోలోని ఒక దుకాణమునుండి ఆఫ్రికా బూడిదరంగు చిలుకను కొనెను. తెలివైనదానిని ఏరుకొన్నదను మాట రాకుండ, చిలుకను ఎంచు పని దుకాణమువారికే వదలెను. దాని పేరు అలెక్స్. దాని యెదుట ఇద్దరు మనుష్యులు కూర్చుందురు. ఒకరు వస్తువును చూపి పేరు అడుగుదురు. రెండవవారు సరిగా చెప్పినచో ఆ వస్తువే బహుమానము, తప్పినచో మందలింపు. తరువాత ఇద్దరును స్థానములు మార్చుకొందురు. చిలుక పోటీపడి నేర్చుకొనును. "కాగితము" అన్నచో కాగితమే దొరకును గనుక మాటకును వస్తువునకును ముడిపడును. ప్రతిదానికి గింజ పెట్టినచో ఈ ముడి పడదు.

పరీక్షలలో హన్స్ సంగతి మరువలేదు. పాఠము నేర్పినవారు కాక వేరొకరు అడుగుదురు. ప్రశ్నలు కలగాపులగముగా వచ్చును. పక్షికి వీపు పెట్టి కూర్చున్న మరొకరు, చూపిన వస్తువేదో ఎరుగక, విన్నదానిని పైకి చెప్పుదురు. అయినను అలెక్స్ సమాధానములు సుమారు నూటికి 80 సరిపోయెను. సుమారు 50 వస్తువులను, 7 రంగులను, 5 ఆకారములను అది పేర్కొనెను. 6 వరకు సంఖ్యలను చెప్పెను. రెండు వస్తువులలో ఏది సమానమని అడిగిన "రంగు" అనియో "ఆకారము" అనియో, ఏదియు సమానము కానిచో "నన్" అనియు చెప్పెను. "నన్" అనగా ఏమియు లేదని అర్థము.

ఈ మాటయే 2005లో ప్రచురితమైన పరిశోధనలో వింతగా బయటపడినది. పళ్లెములో ఒక రంగువి రెండు, మరొక రంగువి మూడు, ఇంకొక రంగువి ఆరు వస్తువులుండగా "మూడున్నది ఏ రంగు?" అని అడిగిరి. అలెక్స్ "ఐదు" అనెను. మరల అడిగినను "ఐదు" అనెను. విసిగి "సరే, ఐదున్నది ఏ రంగు?" అనగా "నన్" అనెను! లేని రాశిని గూర్చి ఈ మాట వాడుమని ఎవరును దానికి నేర్పలేదు. అయితే ఇది మన సున్న కాదు. తరువాతి కూడిక పరీక్షలలో గిన్నెల క్రింద ఏమియు లేకుండ "ఎన్ని?" అనగా "నన్" అని చెప్పలేకపోయినది.

ఒక్క పక్షిని చూచి చిలుకలన్నింటిని గూర్చి చెప్పరాదన్న ఆక్షేపణ న్యాయమే. అలెక్స్ 2007లో మరణించెను. 2016లో జరిగిన లెక్కలలో మాత్రము చిలుకల చిన్న మెదడులలో నాడీకణములు మిక్కిలి దట్టముగా నున్నట్లు తేలినది.

మాటాడలేని కుక్క సంగతి ఏమి? జర్మనీలో రికో అను కుక్కకు సుమారు 200 వస్తువుల పేర్లు తెలియునని 2004లో ప్రకటించిరి. వస్తువులు ఒక గదిలోను, యజమాని వేరొక గదిలోను ఉండుటచే సైగకు తావులేదు. తెలిసిన వస్తువుల నడుమ ఒక కొత్త దానినుంచి, వినని పేరు చెప్పినపుడు, 10 సార్లలో 7 సార్లు కొత్తదానినే తెచ్చెను.

ఇంట కుక్కయున్న విద్యార్థులు దీనిని చేసిచూడవచ్చును. పేర్లు నేర్పిన నాలుగు వస్తువులను ప్రక్క గదిలో ఉంచి, ఏది అడుగవలెనో చీటి తీసి నిర్ణయించి, 20 సార్లు వ్రాసికొనవలెను. ఊరక ఎంచినను 5 సార్లు సరిపోవును; అంతకు ఎంత మించినదో చూడవలెను.