పెట్రోల్ మీరే కొట్టుకోవాలి, మరి కార్డు ఫీజు ఎవరిది?

హైదరాబాద్ లో బంకు దగ్గర ఆగితే "జీరో చూసుకోండి సార్" అంటూ ఒక కుర్రాడు వస్తాడు. వాల్డార్ఫ్ లో ఎస్ఏపీ ఉద్యోగానికి కొత్తగా వచ్చి, కారులో కూర్చుని ఆ కుర్రాడి కోసం ఎదురు చూడకండి. ఎవరూ రారు! మీరే దిగి పోసుకుని, పంపు నంబరు గుర్తు పెట్టుకుని, లోపల కౌంటర్లో ఆ నంబరు చెప్పి డబ్బు కట్టాలి.

కార్డు ఇస్తే ఫీజు పడుతుందా అని చాలామంది అడుగుతారు. మన అనుభవం అలాంటిది మరి. పెద్దనోట్ల రద్దు తర్వాత, 2017 జనవరిలో, బ్యాంకులు కార్డు లావాదేవీలపై 1 శాతం దాకా తమ దగ్గర వసూలు చేస్తాయని తెలిసి బంకు డీలర్లు కార్డులు తీసుకోమన్నారు. లీటరుకి ఇంత అని కమీషన్ వచ్చేవాళ్ళకి ఆ 1 శాతం చిన్నది కాదు. ప్రభుత్వం కల్పించుకున్నాక వెనక్కి తగ్గారు.

యూరప్ లో 2015 నాటి చట్టం ప్రకారం, కార్డు ఇచ్చిన బ్యాంకు తీసుకునే వాటా డెబిట్ కి 0.2, క్రెడిట్ కి 0.3 శాతం మించకూడదు. 60 యూరోల పెట్రోల్ కి 12 సెంట్లో, 18 సెంట్లో. 2018 జనవరి 13 నుంచి జర్మనీలో మామూలు వినియోగదారుల కార్డులపై విడిగా ఛార్జి వేయడం కూడా నిషేధం. అలాగని ఫీజు మాయమైపోలేదండీ. బంకు యజమాని కట్టేది లీటరు ధరలోనే కలుస్తుంది. నోట్లు ఇచ్చేవాళ్ళూ అందులో వాటా మోస్తున్నట్టే, నాకైతే ఇది అంత న్యాయంగా అనిపించదు.

అసలు జాగ్రత్త పడాల్సింది మనిషి లేని ఆటోమాట్ బంకుల్లో. అక్కడ ముందు కార్డు పెట్టాలి. మీరు ఎంత పోసుకుంటారో మిషన్ కి తెలియదు కాబట్టి 100, 150 యూరోల దాకా ఖాతాలో ఆపి ఉంచుతుంది. మొదటి జీతం ఇంకా రాలేదు, ఖాతాలో 200 ఉన్నాయి, 30 యూరోల పెట్రోల్ పోసుకున్నారు అనుకోండి. మిగతా సొమ్ము కొన్ని బ్యాంకుల్లో వెంటనే విడుదలవుతుంది, కొన్నిట్లో రోజులు పడుతుంది. ఈలోగా సరుకుల షాపులో కార్డు పనిచేయకపోతే తప్పు షాపుది కాదు. అలాంటి రోజుల్లో మనిషి ఉన్న బంకుకే వెళ్ళి కౌంటర్లో కట్టండి, పోసుకున్నంతే పోతుంది.

ఇండియా కార్డు వాడితే మాత్రం విదేశీ మారకం ఛార్జి మీ బ్యాంకు వేస్తుంది, చాలా కార్డులపై అది 3.5 శాతం దాకా ఉంటుంది. జర్మన్ ఖాతా తెరిచేదాకా నోట్లే నయం.