పక్క చేను కుక్క మంద మీద పడితే...

తెల్లారగట్ల దొడ్డి దగ్గరకు పోయిన కాపరికి తడికె ఒక పక్కకు ఒరిగి కనిపిస్తుంది. లోపల ఐదారు గొర్రెలు చచ్చి పడి ఉంటాయి. మరో పది మూలకు నక్కి వణుకుతుంటాయి. చచ్చిన వాటిలో ఒక్కదాన్ని కూడా పూర్తిగా తిన్న గుర్తు ఉండదు. గొర్రె ధర పదివేలు అనుకున్నా ఒక్క రాత్రిలో యాభై, అరవై వేలు మట్టిలో కలిసినట్లే. చూడి గొర్రెలు బెదిరి ఈసుకుపోతే ఆ నష్టం వేరు.

పాలమూరు ప్రాంతం గొర్రెలకు పెట్టింది పేరు. 2019 పశుగణనలో 1 కోటి 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. సెంటు భూమి లేని కుటుంబాలు ఎన్నో ఈ జీవాల మీదే బతుకుతున్నాయి. రోగాలకు టీకాలున్నాయి, నట్టలకు మందులున్నాయి. కుక్కల బెడదకు మాత్రం చాలామంది రైతులకు తెలిసింది రెండే దారులు. ఒకటి ఓర్చుకోవడం, రెండోది విషం పెట్టడం. రెండూ నష్టం తెచ్చేవే. ఈ రెండూ కాక చేయవలసిన పనులు ఉన్నాయి.

పగలు పడుకుంటుంది, రాత్రి తిరుగుతుంది

మంద మీద పడేవన్నీ ఊరకుక్కలు కావు. మామిడితోట కాపలాకో, కోళ్ళ ఫారం దగ్గరకో, బాయికాడికో తెచ్చి పెంచుకున్న కుక్కలు కూడా వీటిలో ఉంటాయి. పగలు కట్టేసి రాత్రి కాపలాకని వదులుతారు. "మా కుక్క గేటు దాటదు, పిల్లలతో ఆడుకుంటుంది" అని యజమాని అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చూసేది పగటి కుక్కను. రాత్రి మరో రెండు కుక్కలు జత కలిస్తే అదే కుక్క నడత మారిపోతుంది.

కుక్కకు పరుగెత్తే దాన్ని తరమడం పుట్టుకతో వచ్చిన గుణం. గొర్రె బెదిరితే పరుగెత్తుతుంది. అది పరుగెత్తేకొద్దీ కుక్కకు ఊపు వస్తుంది. ఒకదాన్ని పడగొట్టి వదిలి మరోదాని వెంట పడుతుంది. ఇందులో ఆకలి కంటే ఆటే ఎక్కువ. అందుకే కడుపునిండా తిన్న కుక్క కూడా మంద మీద పడుతుంది. ఒకసారి రుచి చూసిన కుక్క మళ్ళీ వస్తుంది, వెంట మరో కుక్కను తెస్తుంది. మొదటి దాడి తర్వాత వచ్చే నాలుగైదు రాత్రులు మందకు గట్టి కాపలా ఉండాలి.

కుక్కలకు ఈ అలవాటు చేసేది కొంతవరకు మనమే. చచ్చిన గొర్రెను ఊరి బయట వాగులో పడేస్తాం. కోళ్ళ ఫారాల వాళ్ళు చచ్చిన కోళ్ళను గుంతల్లో పారేస్తారు. మాంసం కొట్ల వ్యర్థాలు రోడ్డు పక్కన పోస్తారు. అక్కడ మూగిన కుక్కలే గుంపు కట్టి, తర్వాత దొడ్డి దారి పడతాయి.

ఏ జంతువు పనో గుర్తుపట్టండి

జీవాలు చచ్చిపోగానే తోడేలు అని కొందరు, చిరుత అని కొందరు అంటారు. ఇది తేల్చుకోవడం ముఖ్యం. అడవి జంతువు చంపితే అటవీ శాఖకు పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కుక్కలు చంపితే ఆ దారి లేదు.

కుక్కలు ఎక్కువగా వెనక కాళ్ళు, తొడలు, తోక, చెవులు, పక్కలు పట్టి పీకుతాయి. ఒక్కో జీవం మీద చాలా గాట్లుంటాయి. ఎక్కువ జీవాలు గాయపడతాయి, తిన్నది మాత్రం తక్కువ. చిరుత సాధారణంగా మెడ పట్టి ఒకదాన్ని చంపి ఈడ్చుకుపోతుంది. తోడేలు గొంతు పడుతుంది, పిల్లలను ఎత్తుకుపోతుంది. అడుగుల్లో తేడా చూడండి. కుక్క అడుగులో గోళ్ళ గుర్తు పడుతుంది, చిరుత అడుగులో పడదు. కుక్క అడుగు, తోడేలు అడుగు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి అడుగులను మాత్రమే నమ్ముకోకుండా గాయాలు చూపించి పశువైద్యుణ్ణి అడగాలి.

మొదటి గంటలో చేయవలసినవి

ముందుగా మందను నెమ్మదిగా ఒకచోటికి చేర్చి నీళ్ళు పెట్టాలి. గాయపడిన వాటిని వేరు చేయాలి. బెదిరిన గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చచ్చిపోతుంటాయి. కాబట్టి పిల్లలు, చూడి గొర్రెలు అడుగున చిక్కుకున్నాయేమో చూడాలి.

కుక్క కాటు పైకి చిన్న బొక్కలా కనిపిస్తుంది. లోపల కండ చీలిపోయి ఉంటుంది. ఉన్ని కింద దాగిన గాటు మూడో రోజుకు చీము పట్టి, పురుగులు పడి గాని బయటపడదు. కాబట్టి ప్రతి జీవాన్నీ చేత్తో తడిమి చూడాలి. గాయం చుట్టూ ఉన్ని కత్తిరించి, సబ్బు పెట్టి, ధారగా పోసే నీళ్ళతో 15 నిమిషాల పాటు కడగాలి. తర్వాత పావిడోన్ అయొడిన్ పూయాలి. గాయం మీద కారం, సున్నం, పసరు రాయరాదు. సొంతంగా కుట్లు వేయరాదు. కుక్క కాటును వెంటనే కుట్టి మూసేస్తే విషక్రిములు లోపలే ఉండిపోతాయి. కుట్టవలసిన గాయమో కాదో, ఎప్పుడు కుట్టాలో పశువైద్యుడే తేలుస్తాడు. యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా ఆయన సలహా మీదే ఇప్పించాలి. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఈ పనులు వట్టి చేతులతో చేయరాదు. కుక్క చొంగ గాయంలో ఉంటుంది. మీ చేతి మీద గీత ఉన్నా ప్రమాదమే. తొడుగులు లేకపోతే పాలిథిన్ సంచి చేతికి చుట్టుకోండి. కుక్కలను తరిమేటప్పుడు మిమ్మల్ని కరిచినా, గీరినా సబ్బుతో కడుక్కుని అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

పిచ్చి కుక్క అయితే

కరిచిన కుక్క ఏదో తెలిసి, దాన్ని పది రోజులు కట్టేసి చూడగలిగితే సగం అనుమానం తీరుతుంది. పది రోజులూ అది బాగానే ఉంటే కరిచిన నాటికి దాని చొంగలో రేబిస్ లేదన్నట్లే. అయితే ఆ పది రోజులు ఊరికే కూర్చోరాదు. కరిచిన జీవాలకు అదే రోజు టీకా మొదలుపెట్టాలి. మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకు వేయిస్తారు. కుక్క చచ్చినా, కనిపించకుండా పోయినా ఒక్క మోతాదు కూడా తప్పించరాదు.

రేబిస్ లక్షణాలు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. గొంతు మారి అరవడం, ఎదురొచ్చిన దాన్ని పొడవడం, చొంగ కార్చడం, వెనక కాళ్ళు పడిపోవడం కనిపిస్తే ఆ జీవాన్ని ముట్టుకోకుండా కట్టడి చేసి కబురు పంపాలి. లక్షణాలు వచ్చాక వైద్యం లేదు. "ఎలాగూ చచ్చేదే" అని కరిచిన గొర్రెను కోసి అమ్మడం కొన్నిచోట్ల జరుగుతోంది. కోసేవాడి ప్రాణం మీదికి తెచ్చే పని ఇది.

విషం పెడితే ఎవరు చస్తారు?

కడుపు మండిన రైతు గుళికల మందు కలిపిన మాంసం పెట్టాలనుకుంటాడు. దాన్ని తినేది ఆ కుక్క ఒక్కటే కాదు. మీ మంద కాపలా కుక్క తింటుంది, కాకి తింటుంది, గద్ద తింటుంది. ముక్క నీళ్ళలో పడితే మీ జీవాలే తాగుతాయి. పిల్లలు చేయి పెట్టవచ్చు. పైగా కుక్కకు విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద నేరం. ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు. జీవాలు పోగొట్టుకున్నవాడే ముద్దాయి అయి కూర్చుంటాడు. అప్పటిదాకా తప్పు ఒప్పుకున్న యజమాని ఎదురు కేసు పెడతాడు.

దొడ్డి చుట్టూ తీగ కట్టి నేరుగా కరెంటు ఇవ్వడం అంతకంటే ఘోరం. అడవి పందులకని కట్టిన అలాంటి తీగలకు మనుషులే బలైన సంఘటనలు మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. షాక్ కంచె కావాలంటే ప్రాణం తీయకుండా ఆగి ఆగి చిన్న షాక్ ఇచ్చే సోలార్ కంచె యంత్రాన్నే వాడాలి.

రుజువు ఉంటేనే మాట నిలుస్తుంది

నష్టపోయిన రైతుకు కోపం కంటే రుజువు ఎక్కువ పనికొస్తుంది. చచ్చిన జీవాలను కదపకముందే సెల్‌ఫోనులో ఫోటోలు తీయండి. గాయాలు, చెవి ట్యాగు, దొడ్డి విరిగిన చోటు, అడుగులు అన్నీ రావాలి. కుక్క కనిపిస్తే దాని రంగు, మెడ పట్టీ తెలిసేలా తీయండి. ఆ రోజే పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించి, మరణ కారణం, జీవం విలువ రాయించుకోండి. చూసిన ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోండి. బీమా ఉంటే ఆ రోజే కంపెనీకి తెలపాలి. ట్యాగు ఊడిపోకుండా దాచాలి. ఇవన్నీ అయ్యాకే కళేబరాన్ని పూడ్చాలి.

ఆ తర్వాత యజమాని దగ్గరకు ఒక్కరే కాకుండా పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి. "నీ కుక్కను చంపుతా" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ఫోటోలు చూపించి, "అన్నా, రాత్రి నీ కుక్క మా మందలో పడింది, రేపు మనిషి మీద పడొచ్చు, రాత్రిపూట కట్టెయ్యి, పోయిన జీవాలకు లెక్క చూద్దాం" అంటే ఎక్కువ మంది దిగి వస్తారు. ఒప్పుకున్నది కాగితం మీద రాసుకోవాలి. ఎన్ని జీవాలు పోయాయి, ఎంత ఇస్తాడు, ఎప్పటిలోగా ఇస్తాడు, కుక్కను ఏ వేళల్లో కడతాడు అన్న నాలుగు సంగతులూ అందులో ఉండాలి. ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు పెట్టించాలి. పక్క పక్క చేలవాళ్ళు ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోవలసినవాళ్ళు. గట్టు తగాదాకు కుక్క తగాదా తోడు కారాదు.

చట్టం ఎంతవరకు?

పరాయి పశువు చేలో పడితే బందెలదొడ్డికి తోలే అధికారం 1871 నాటి చట్టం ఇచ్చింది. ఆ చట్టంలోని పశువుల జాబితాలో గొర్రె, మేక, పంది కూడా ఉన్నాయి గాని కుక్క లేదు. కాబట్టి కుక్కను బందెలదొడ్డిలో పెట్టించలేం.

మనుషుల ప్రాణానికి ప్రమాదమయ్యేలా జంతువును కట్టడి చేయకుండా వదిలిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది మనుషులకు ప్రమాదమున్న సందర్భానికి మాత్రమే. కాపరి మీదికి కుక్క వచ్చి ఉంటే ఆ సంగతి ఫిర్యాదులో తప్పక రాయాలి. జీవాల నష్టం రాబట్టుకోవడం సివిల్ వ్యవహారం. కోర్టుకు ఎక్కకముందే న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరు ఉంది.

యజమాని లేని ఊరకుక్కల సంగతి స్థానిక సంస్థలది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత వాటి మీదే ఉంది. దాడి జరిగిన తేదీలతో గ్రామ పంచాయతీకి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభలో నలుగురు రైతులు కలిసి అడిగితే దానికి బలం వస్తుంది.

దొడ్డి ఇలా ఉండాలి

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే దొడ్డి గట్టి చేసుకోవడం చవక.

- కంచె ఎత్తు 5 అడుగులకు తగ్గరాదు. చైన్‌లింక్ వేస్తే అడుగు భాగాన్ని ఒక అడుగు లోతు పాతాలి. లేదా బయటివైపుకు వంచి మట్టి, రాళ్ళు కప్పాలి. కుక్క దూకడం కంటే తవ్వి దూరడమే ఎక్కువ.

- ఖర్చు పెట్టలేనివారు తుమ్మ కంపను మొదళ్ళు లోపలికి, ముళ్ళు బయటికి ఉండేలా దట్టంగా పేర్చాలి. ఎండి సందులు పడిన చోట మళ్ళీ నింపుతుండాలి.

- తలుపు తడికె కింద సందు లేకుండా బండ పరచాలి. ఎక్కువగా కుక్క దూరేది అక్కడే.

- పిల్లలను, ఈనిన గొర్రెలను నడిమధ్య వేరే తడికెల్లో ఉంచాలి.

- చేలల్లో ఎరువుకు మంద కట్టేటప్పుడు వల చుట్టూ ఒక వరుస కంప వేయాలి. మనిషి మంద పక్కనే పడుకోవాలి. ఆ చేను చుట్టుపక్కల ఎవరి కుక్కలున్నాయో ముందే అడిగి తెలుసుకోవాలి.

- చచ్చిన జీవాన్ని లోతు గొయ్యిలో సున్నం చల్లి పూడ్చి, పైన రాళ్ళు పేర్చాలి. చచ్చిన గొర్రె తలను కుక్క తింటే ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ తలలో తిత్తులుంటే కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు పెంటతో గడ్డి మీద పడి గొర్రెల మెదడుకు చేరుతాయి. గొర్రె ఒకే పక్కకు గిరగిరా తిరిగే గిడ్ వ్యాధి ఇలా వచ్చేదే.

కుక్కలున్న రైతులకు ఒక మాట

కాపలా కుక్క ఉండడం తప్పు కాదు. మందల వెంట కూడా కుక్కలుంటాయి. తోటకు ప్రహరీయో కంచెయో ఉంటేనే రాత్రి వదలండి. లేకపోతే పొడుగు గొలుసు వేసి కట్టండి. ఏటా రేబిస్ టీకా వేయించండి. జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. మూడు నెలలకోసారి నట్టల మందు తాగించండి. పిల్లలు అక్కర్లేకపోతే ఆపరేషన్ చేయించండి, తిరుగుడు తగ్గుతుంది. తెల్లారి కుక్క మూతికి నెత్తురు, ఒంటికి ఉన్ని కనిపిస్తే కడిగేసి ఊరుకోకండి. పక్క మంద కాపరికి మీరే కబురు చెయ్యండి. ఆ ఒక్క కబురుతో గాయపడ్డ జీవాలకు ఆ రోజే టీకా అందుతుంది, రెండు కుటుంబాల మధ్య పగ మొదలు కాకుండా ఆగుతుంది.